నేను చేయని ఫోన్లు

దెయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. బోరు బండి మీద ఆపరేటర్‌గా సగం జీవితం గడిపాను. శింగనమల చుట్టుపక్కల శ్మశానాల పక్కన, పాడుబడ్డ బావుల పక్కన రాత్రిళ్ళు ఒక్కణ్ణే నిలబడి రాడ్లు దించాను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని భూమిలో నీళ్ళు చూసేవాళ్ళనే నమ్మనివాణ్ణి, దెయ్యాల్ని ఏం నమ్ముతాను? ఈ సంగతి ఇన్నాళ్ళూ బయటపెట్టకపోవడానికి కారణం భయం కాదు. సిగ్గు.

ముందు నా చెవి గురించి చెప్పాలి. కంప్రెషర్ మోతలో నిలబడీ నిలబడీ ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా అంతంత మాత్రమే. ఆపరేటర్‌కి చెవుడని తెలిస్తే ఎవరూ బండి ఎక్కనివ్వరు. అందుకే ఎవరికీ చెప్పలేదు. నా భార్య ఈశ్వరమ్మకు కూడా.

పనిచేసే చోటి నుంచి ఇంటికి ఫోన్ చేస్తే ఆమె మాటలు సగం నాకు అందేవి కావు. మళ్ళీ చెప్పమని అడగడానికి నామోషీ. ‘ఊఁ, సరే, పెట్టేస్తాండా’ అని కట్ చేసేవాణ్ణి. నాకు ఇంటి మీద ధ్యాస లేదని ఆమె బాధపడేది. చెవిటివాడు అనుకోవడం కన్నా అట్లా అనుకోవడమే నయమని ఊరుకున్నాను.

మా ఓనరు ఒక బండిని టాంజానియాకు పంపినప్పుడు ఏడాది పనికి నేనూ వెళ్ళాను. దొడోమా అనే ఊరికి అవతల మా క్యాంపు. ఎర్రమట్టి, కంపచెట్లు, ఎండిన వాగులు, వంకలు. మన నేలలాగే ఉంది.

దిగగానే నా ఫోన్లో సిగ్నల్ పోయింది. ఇక్కడి సిమ్ అక్కడ పనిచేసే ఏర్పాటు చేయించుకోవాలని నాకు తెలియదు. ఆ సిమ్ తీసి పర్సులో పెట్టాను. అక్కడి సిమ్ కొనాలంటే పాస్‌పోర్టు చూపించాలి, వేలిముద్రలు ఇవ్వాలి. నా పాస్‌పోర్టు పర్మిట్ పని మీద కంపెనీ ఆఫీసులో ఉండిపోయింది.

మా సూపర్‌వైజర్ రఫీ మంచివాడు, హిందూపురం మనిషి. దిగినరోజే తన ఫోన్ నుంచి ఈశ్వరమ్మకు కలిపి నా చేతికిచ్చాడు. ఆమె ఏదో అడిగింది. నాకు వినపడలేదు. రఫీ పక్కనే ఉన్నాడు. చేరినానని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు ఫోన్ ఇవ్వబోయినా వద్దన్నాను. నా చెవుడు అతనికి తెలిసిపోతుందని భయం.

పాస్‌పోర్టు చేతికొచ్చాక రఫీతో టౌనుకు వెళ్ళాను. సిమ్ షాపులో ఒక అమ్మాయి చిన్న మిషను మీద నా వేలు పెట్టించింది. ముద్ర పడలేదు. రాడ్లు పట్టి పట్టి నా వేళ్ళ గీతలు అరిగిపోయాయట. ఆమె గుడ్డతో నా వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచి మళ్ళీ పెట్టించింది. వెనక లైన్లో జనం నవ్వుకున్నారు. మరో వారం ఆగి రమ్మన్నారు. అట్లా రెండుమూడు సార్లు తిప్పుకున్నాక ఏదో ఒక వేలు పడింది, సిమ్ వచ్చింది. అప్పటికి నేను వచ్చి నెల దాటింది.

క్యాంపుకు రాగానే ఫోన్ చేశాను. అన్నాళ్ళు మాట్లాడనందుకు తిడుతుందనుకున్నాను.

ఆమె గొంతు గట్టిగా, నింపాదిగా వచ్చింది. ఒక్కో మాటా విడదీసి చెబుతోంది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె చెప్పిన ప్రతి మాటా నాకు వినపడింది.

“ఎందుకట్ల అరుస్తాండావు?” అన్నాను.

“నీకు ఎడమ చెవు వినపడదని నువ్వే చెప్తివి కదప్పా. కుడి చెవుకాడ పెట్టుకోని ఉండావా?”

ఫోన్ కుడి చెవికి ఇంకా అదుముకున్నాను.

“ఎప్పుడు చెప్పినాను?”

“దినామూ పొద్దు గూకేటప్పుడు చేస్తాంటివి కదా. ఇదేంది, కొత్త నంబరు?”

ఆ క్షణంలో నేను కాదని అనాలి. అనలేదు. ఆ గొంతులో నా మీద అంత ప్రేమ నేనెన్నడూ వినలేదు. “కొత్త సిమ్” అని మాత్రం అన్నాను.

ఆ మాట అన్నది మొదలు నేను దొంగనయ్యాను.

ఆమె మాటల్ని బట్టి మెల్లగా తెలిసింది. ఫోన్లు వచ్చింది నా పాత ఇండియా నంబరు నుంచే. ఆ సిమ్ నా పర్సులోనే ఉంది. నేను కొత్త సిమ్‌తో చేశాక అవి ఆగిపోయాయి. అక్కడి నేల మన నేలలాగే ఉంటుందని, మొక్కజొన్నపిండి ముద్ద మన సంగటిని పోలి ఉంటుందని ఆమెకు చెప్పానట. నిజమే, కానీ చెప్పింది నేను కాదు. ఆమె మోకాలి నొప్పి గురించి రోజూ అడిగానట. ఆమెకు మోకాలి నొప్పి ఉందనే నాకు తెలియదు.

ఏడాది అయ్యాక ఇంటికి వచ్చాను. ఆమె ఫోన్లో నా పాత నంబరు నుంచి వచ్చిన కాల్స్ నా కళ్ళతో చూశాను. అనంతపురంలో చదివే మా అమ్మాయి శిరీష సెలవుకు వచ్చినప్పుడు తనూ మాట్లాడిందట. “నువ్వే నాయనా, నీ గొంతు నాకు తెలీదా?” అంది. కస్టమర్ కేర్ వాళ్ళను అడిగితే ఆ నంబరు నుంచి ఆ నెలలో ఒక్క కాల్ కూడా పోలేదన్నారు. రఫీని అడిగాను. “నేనెందుకు చేస్తాను అన్నా? నీ చెవి సంగతి ఇప్పుడు నువ్వు చెప్తేనే నాకు తెలిసింది” అన్నాడు.

ఈశ్వరమ్మ ఇప్పుడు నా కుడివైపే కూర్చుంటుంది. వచ్చినవాళ్ళతో, “మా ఆయన ఆ దేశం పోయినంకనే నాతో మనసిచ్చి మాట్లాడినాడు” అంటుంది. నేను తల వంచుకుంటాను. సిగ్గుపడుతున్నాడని వాళ్ళు నవ్వుతారు.

ఒక మధ్యాహ్నం ఆమె విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. ఇక దాచలేక చెప్పేశాను. “ఆ ఫోన్లు చేసింది నేను కాదు.”

ఆమె చేతులు ఆగలేదు.

“నువ్వు కాకుంటే నీ చెవు సంగతి ఇంకెవురికి తెలుసు?”

నేను అడిగాను. “ఇంకేమేమి చెప్పినాను?”

ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు, జాలి లాంటిది ఉంది.

“నీ నోటితో ఒగసారి చెప్పినావు. మళ్ళా నా నోటితో చెప్పియ్యొద్దు. ఆ పొద్దు శానాసేపు ఏడ్చినాను. తెల్లారినంక నీ మింద కోపం పోయింది. ఇంక దాని గురించి అడగొద్దు.”

మళ్ళీ అడగలేదు. నన్నింత క్షమించడానికి ఆమె విన్నదేమిటో అని ఒంటరిగా ఉన్నప్పుడు నా బతుకంతా తవ్వి చూసుకుంటాను. ఒకటి కాదు, ఆమెకు చెప్పనివి చాలా దొరుకుతాయి. వాటిలో ఆమెకు తెలిసింది ఏదో నాకు తెలియదు. చెప్పింది ఎవరో అంతకన్నా తెలియదు.