ఆక్సిజన్ గొట్టానికి ప్రార్థన నూనె

జర్మనీలోని ఆకెన్ ఊళ్లో బస్సు ఎక్కబోయే ముందు దయానందం రోజూ చేసే పని ఒకటుంది. సొంతూరు నరసాపురం చర్చిలో ప్రార్థించి ఇచ్చిన ఆలివ్ నూనెతో బొటనవేలు తడుపుకుని, నుదుట సిలువ వేసుకునేవాడు. మెట్లు దిగుతున్న పక్కింటి ముసలామె సంచీ అందుకుని కిందికి దించిపెట్టి, అప్పుడు బయలుదేరేవాడు.

ఆయనది లెక్కల పని. నీటిలోకి కరెంటు పంపి, హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ విడదీసే యంత్రాన్ని వాళ్ల కంపెనీ కడుతోంది. ఆ హైడ్రోజన్ ధరలో సింహభాగం కరెంటుదే. అందుకే గాలి బాగా వీచి కరెంటు చవకైన వేళ నడపాలని ఆయనే తేల్చాడు. అలాంటి ఒక మధ్యాహ్నమే యంత్రం మొదటిసారి నడవబోతోంది.

దాన్ని నడపబోయేది హైదరాబాదు నసీరుద్దీన్. దయానందం జ్వరంతో పడుకున్న వారమంతా గుమ్మం ముందు పెరుగన్నం డబ్బా పెట్టి, నిద్ర చెడుతుందని తలుపైనా తట్టకుండా వెళ్లిపోయిన మనిషి.

ఆ పొద్దున దయానందం యంత్రం ఉన్న షెడ్డులోకి వెళ్లాడు. ఊళ్లో కొత్త పడవ నీళ్లలో దించేటప్పుడు పాస్టరుగారు ఇంజనుకు నూనె రాసి ప్రార్థించేవారు. అది గుర్తొచ్చి, ఇంకా బిగించని గొట్టం మూతి లోపల నూనె బొటనవేలితో సిలువ గీశాడు. నసీరును కాపాడు ప్రభువా అనుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ చేరారు. గొట్టం బిగించేసిన నసీరు, మీట మీద చెయ్యి వేసి, కొత్తగా చేరిన ఈవాకు చెబుతున్నాడు. ఈ గొట్టం ఆక్సిజన్ వచ్చే దారి. ఒత్తిడి మీద వచ్చే ఆక్సిజన్‌కు నూనె చుక్క తగిలితే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, భగ్గుమంటుంది.

దయానందం గబగబా వెళ్లి నసీరు మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపు తమ్ముడూ. అందులో నూనె ఉంది. నేనే రాశాను."

నసీరు మీట వదిలేశాడు. ఒక్క క్షణం క్రితం తన ముఖం ఎంత దగ్గరగా ఉందో చూసుకున్నట్టు ఆ గొట్టం వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకు రాసినవన్నా?"

"నీకేం కాకూడదని."

గొట్టం విప్పి కడిగేసరికి గాలి తగ్గింది, చవక కరెంటు వేళ దాటిపోయింది. ఎవరూ కసరలేదు. ఈవా కుర్చీ లాగి వేసింది. నసీరు టీ తెచ్చిచ్చి, "పప్పుల పోపు అనుకున్నవా అన్నా," అన్నాడు.

దయానందం తన బొటనవేలిని వేరొకరిదన్నట్టు చూసుకున్నాడు.

"ఒక సాయం చెయ్యి తమ్ముడూ. రేపు నన్ను లోపలికి రానిచ్చే ముందు నా చేతులు వాసన చూడు. పెద్దవాణ్ణని మొహమాటపడకు."