అక్షరాలు కోసిన ఎక్స్‌రే

మా డాక్టరుగారి దగ్గర స్కానింగు మిషను లేదు, ఎక్స్‌రే మిషనూ లేదు. రాజమండ్రిలో రెండు గదుల క్లినిక్కు, గోడకి బిగించిన ఒక లైటు పెట్టె, ఆ పెట్టె పక్కన నేను. ఊపిరితిత్తుల డాక్టరై ఉండి మిషను లేకుండా ఎలా చూస్తారండీ అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. బయట తీయించుకున్న ఫిల్ములు పట్టుకొస్తే చూస్తారండీ అంటాను. ఆ పట్టుకురావడం దగ్గరే నా ఉద్యోగం మొదలవుతుంది, నా కోపమూ మొదలవుతుంది.

ఎలా పట్టుకొస్తారో చెబితే నవ్వుతారు. అట్టులా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకొచ్చినవాళ్ళున్నారు. సంచిలో అడుగున ఫిల్ములు పెట్టి, వాటి మీద డాక్టరుగారి కోసం కొబ్బరి బొండాలు వేసుకొచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఒకాయన్ని సీడీ ఏదండీ అని అడిగితే, "జామచెట్టుకి కట్టానండి, చిలకలు కాయ కొట్టేత్తన్నాయని" అన్నాడు. ఎండకి తళతళలాడుతుందట, చిలకలు దగ్గరికి రావట. ఇక ఫోనులో ఫొటోలు పంపేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని తీస్తారు. కుడి ఊపిరితిత్తిలో ఫ్యాను రెక్క, ఎడమ ఊపిరితిత్తిలో తీసినవాళ్ళ బొటనవేలు. లింకు పంపుతారు, పాస్‌వర్డు పంపరు. ఏంటండీ పాస్‌వర్డు అంటే, మా అల్లుడికి తెలుసండి, డ్యూటీలో ఉన్నాడండి అంటారు.

అందుకని నాకో పద్ధతి ఉంది. ఏ ఫిల్ము వచ్చినా ముందు పేరు చూస్తాను, తర్వాత తేదీ, తర్వాత ఎడమవైపు ఏదో చెప్పే గుర్తు. ఈ మూడూ చూడకుండా డాక్టరుగారి బల్ల మీద పెట్టను. ఒకసారి అత్తగారి ఫిల్ము చూసి కోడలికి మందు రాయబోయారు, అప్పట్నించీ ఇంతే. నాలుగో పని, పాత ఫిల్ములున్నాయా అని అడగడం. దానికి మాత్రం సరైన జవాబు చెప్పినవాళ్ళు ఇంతవరకూ తక్కువ.

పోయిన ఏడాది తొలకరి రోజుల్లో భీమవరం వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన చేపల చెరువులు లీజుకి చేస్తాడు. నిలువెత్తు మనిషి, గొంతు మాత్రం పైకి రావడం లేదు. దగ్గు తగ్గకపోతే అక్కడే ఎక్స్‌రే తీశారు, తర్వాత సీటీ తీశారు. కుడి ఊపిరితిత్తి పైకొసన బఠాణీ గింజంత మచ్చ ఉంది, సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలి అన్నారు. విశాఖపట్నంలో సోమవారం రమ్మన్నారు. మా దగ్గరికి వచ్చింది గురువారం.

డాక్టరుగారు ఫిల్ములు చాలాసేపు చూసి చెప్పారు. "మచ్చ కొత్తదైతే సూది తప్పదండి, ఆలస్యం కూడా చెయ్యకూడదు. పాతదైతే ఎప్పుడో మానిపోయిన పుండు తాలూకు గుర్తు కావచ్చు, అప్పుడు సూది అక్కర్లేదు. ఇదివరకెప్పుడైనా ఛాతీ ఫిల్ము తీయించారా?"

"తీయించానండి. పన్నెండేళ్ళయిందండి. అప్పుడు కూడా దగ్గొచ్చి ఆర్నెల్లు మందులు మింగాను."

"ఆ ఫిల్ము ఉందా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది. "పోయిందండి" అంది.

బయట నేను ఫిల్ములు కవర్లో సర్ది ఇస్తుంటే ఆయన నాతో అన్నాడు: "మా అన్నయ్యకీ ఇలాగే మచ్చ అన్నారండి, మేడంగారూ. నాలుగు నెలలు కూడా ఉండలేదు. ఈ పంటకి చేపపిల్ల వెయ్యొద్దని మా పార్టనర్‌తో చెప్పేశానండి. మధ్యలో నేను లేకపోతే చెరువు ఎవరు చూత్తారు?" చెరువు గురించి అడిగినట్టే అడిగాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగండి అన్నాను.

వాళ్ళు మెట్లు దిగిన రెండు నిమిషాలకి ఆవిడ ఒక్కతే పైకి వచ్చింది, గొడుగు మర్చిపోయానంటూ. గొడుగు ఆవిడ చంకలోనే ఉంది.

"మేడంగారూ, ఫిల్ము పోలేదండి. ఉంది. నేనే కోసేశానండి."

"కోసేశారా? ఎందుకు?"

"చేపల ట్రేల మీద పేరు వెయ్యడానికండి. ట్రేలన్నీ ఒకటే నీలం కదండి, మార్కెట్టు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒకరివి ఒకరికి కలిసిపోతన్నాయి. అట్ట మీద అక్షరాలు కోసి పెయింటు కొడితే తడికి నానిపోతంది. ఫిల్మయితే నానదు, చిరగదు. బీరువా మీద ఊరికే పడుందని, బ్లేడు పెట్టి మా ఆయన పేరులో రెండు అక్షరాలు కోశాను. నాలుగేళ్ళనుంచీ దాంతోనే ట్రేలకి గుర్తు వేత్తన్నారు మా పనివాళ్ళు. అది తన ఎక్స్‌రే అని ఆయనకి తెలీదండి."

నా నోరు ఊరుకోలేదు. "మొగుడి ఊపిరితిత్తుల మీద పేరు చెక్కుతారా అమ్మా ఎవరైనా! ఇల్లంతా వెతికితే ఇంకో ప్లాస్టిక్కు ముక్కే దొరకలేదా?" అనేశాను. ఆవిడ గోడకి ఆనుకుని ఏడ్చేసింది. ఆ మచ్చ ఉన్నచోటే కోసేసి ఉంటే ఆయన సూదికి వెళ్ళాల్సింది నా వల్లే కదండీ అని ఏడ్చింది. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

"ఎక్కడ కోశారు, పైనా కిందా?"

"గుర్తులేదండి. నాలుగేళ్ళయింది. ఇప్పుడు దాన్నిండా పెయింటేనండి."

"సరే, వినండి. కడగొద్దు. రుద్దొద్దు. కిరసనాయిలు పెట్టొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు రేపు పొద్దున్నే తెండి. ఆయనకి మీరే చెప్పండి."

"ఆయ్" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

ఆ రాత్రి మా ఇంట్లో బీరువా మీదున్న పాత కవర్లన్నీ దించి చూసుకున్నాను. మా అమ్మ మోకాలి ఫిల్ము లేదు. మా ఇంట్లో అది ఏమైందో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

మర్నాడు క్లినిక్కు తాళం తీసేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చారు. "చూశారా మేడంగారూ, నా గుండెల మీదే నా పేరు కోసిందండి మా ఆవిడ" అన్నాడాయన. నవ్వబోయాడు, సగంలో దగ్గొచ్చేసింది. అయినా నిన్నటికంటే గొంతు పైకొచ్చింది.

తువ్వాలు విప్పితే తెల్ల పెయింటు పొరలు పొరలుగా అంటుకున్న ఫిల్ము. ముందు పేరు చూశాను. మూలన సన్నటి అక్షరాల్లో ఆయన పేరు, పన్నెండేళ్ళ కిందటి తేదీ పెయింటు అంటకుండా మిగిలాయి. లైటు పెట్టె మీద పెట్టి స్విచ్చి వేశాను. మధ్యలో రెండు పెద్ద అక్షరాలు కళ్ళు చెదిరేలా వెలిగాయి. అక్షరాలు సరిగ్గా చదవడానికి వస్తున్నాయి, గుండె మాత్రం ఉండాల్సిన వైపు లేదు. ఫిల్ము తిప్పి పెట్టాను. గుండె తన చోటికి వచ్చింది, పేరు తిరగబడింది.

"కింద కోశారండీ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆవిడ దగ్గరికొచ్చి చూసి నుదురు కొట్టుకుంది. "ఆయ్, అవునండి! పెయింటు కొట్టేటప్పుడు పట్టుకోడానికి పైన జానెడు వదిలానండి!"

వదిలిన మాట నిజమే. కానీ పట్టుకునే చోటే కదా, పనివాళ్ళ పెయింటు వేళ్ళన్నీ అక్కడే ముద్రలు పడ్డాయి. సరిగ్గా కుడి ఊపిరితిత్తి పైకొసన ఎవరిదో బొటనవేలు. అప్పుడే వచ్చిన డాక్టరుగారు అది చూసి నా వైపు చూశారు. "మెల్లిగా తియ్యగలరా? బొమ్మ లేచిపోతే ఇంక మనకేమీ ఉండదు" అన్నారు.

నా బ్యాగులో తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా ఉంటుంది. ముందు కింది మూల, ఎందుకూ పనికిరాని చోట ఒక చుక్క వేసి చూశాను. బొమ్మకేమీ కాలేదు, పెయింటు అంచు కొద్దిగా మెత్తబడింది. అప్పుడు దూదితో ఆ బొటనవేలి మీద అద్ది, కాసేపాగి, గోటితో అంచు లేపాను. మళ్ళీ అద్దాను, మళ్ళీ లేపాను. బయట ఇద్దరు పేషెంట్లు వచ్చి దగ్గుతున్నారు. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ నా భుజం మీదుగా చూస్తూ ఊపిరి బిగబట్టింది, ఆ సంగతి నా మెడకి తెలుస్తూనే ఉంది. చివరికి పెయింటు మానిన పుండు మీద పక్కులా ఒక్క ముక్కగా లేచొచ్చింది. కింద నల్లటి ఫిల్ము, అందులో తెల్లగా, గుండ్రంగా, బఠాణీ గింజంత.

డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే పక్కన పెట్టి స్కేలుతో కొలిచారు. మళ్ళీ కొలిచారు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది, త్వరగా చెప్పొచ్చు కదా అని.

"అదే మచ్చ. అంతే ఉంది. పన్నెండేళ్ళలో వెంట్రుకవాసి కూడా పెరగలేదు. సున్నం పట్టి గట్టిపడిపోయిన పాత మచ్చండి ఇది. సూది వద్దు. ఈ దగ్గు వేరే, దానికి మందు రాస్తాను. ఆర్నెల్లకి ఇంకో ఫిల్ము చూద్దాం."

ఆవిడ అలాగే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరుగారూ, మరి ఆ ఫిల్ము ఇచ్చేత్తారాండి? మధ్యాహ్నం కొత్త ట్రేలు దిగుతాయండి."

"సిగ్గులేదూ మీకు!" అంది ఆవిడ. "చచ్చినా ఇవ్వను!" అన్నాను నేను. ఇద్దరం ఒకేసారి అరిచాం. అరిచాక గానీ నాకు వెలగలేదు, చేపపిల్లే వెయ్యొద్దన్న మనిషి ట్రేల గురించి అడుగుతున్నాడని. ముందే ఆర్డరిచ్చిన ట్రేలని బస్సులో వస్తూ వస్తూ ఫోను చేసి వద్దనడానికి నోరు రాలేదట.

డాక్టరుగారు కొత్త బ్లేడు తీసి నా ముందుకి తోశారు. నా ప్లాస్టిక్కు ఫైలు అట్ట ఒకటి చింపి, ఫిల్ము కింద పెట్టి అక్షరాలు గీశాను. ఆవిడ అంచులు పట్టుకుంది, నేను కోశాను. రెండో అక్షరం వంపు దగ్గర చెయ్యి జారి కొంచెం వంకర పోయింది. పర్లేదండి, మా ట్రే అని ఇంకా బాగా తెలుస్తుంది అన్నాడాయన. ఫిల్ముకి పేరు, తేదీ రాసి మా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా పాత ఫిల్ములున్నాయా అని అడగను. మీ ఇంట్లో అది దేనికి వాడుతున్నారండీ అని అడుగుతాను.

మొన్న చేపల మార్కెట్టుకి వెళ్తే వ్యానులోంచి నీలం ట్రేలు దించుతున్నారు. రెండో అక్షరం వంకరగా ఉంది. నా కోతే. ట్రే నిండా శీలావతులు.