కారమెల్ కోసం బోధన్ దాకా

నిజామాబాద్‌లో ఉండే మా అక్క భర్త నిజాంసాగర్ కాలువ పనుల్లో ఓవర్సీరు. నిరుడు చలిజ్వరంతో పోయాడు. సంవత్సరీకానికి వెళ్ళిన నన్ను అక్క పక్కకు పిలిచి అడిగింది: "తమ్మీ, బంగళాల కారమేలు తిన్ననని మీ బావ మస్తు చెప్తుండె. గది ఒక్కసారి తినాలె. తోల్కపోతవా?" బావకు దాన్ని వండిపెట్టిన కాలువ బంగళా వంటాయన ఇప్పుడు బోధన్ సర్కారు బంగళాలో ఉన్నాడని తెలిసి, కబురు పంపి ఇద్దరం బయలుదేరాం.

పొద్దుటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే బోధన్ చేరవచ్చు. ఛార్జీ అర్ధరూపాయి, నిజాం సర్కారు హాలీ సిక్కాలే తీసుకుంటారు. తోవంతా కంకర, దుమ్ము. కాలువ నీళ్ళు వచ్చాక జొన్నచేలు పోయి, ఎటు చూసినా చెరుకే.

"పేరు సూస్తే కారం లెక్కుంది. తీపని మీ బావ అంటుండె. గదెట్ల?" అంది అక్క.

"కారం కాదక్కా, కారమెల్. ఫ్రెంచోళ్ళ మాట. ఎర్రగ మాడిన చక్కెరకు పేరు. అది పోసి వండే పాల తీపినీ గట్లనే అంటరు."

మద్రాసు చదువులో నేర్చింది చెప్పాను. ఫ్రెంచివాళ్ళకు అది స్పెయిన్ మీదుగా వచ్చిందంటారు. అంతకు ముందటి పుట్టుక మీద పండితులకు పేచీ ఉంది. చెరుకు అని అర్థమిచ్చే పాత లాటిన్ మాట నుంచి వచ్చిందని కొందరు, రెల్లుపుల్ల అని అర్థమిచ్చే మాట నుంచని మరికొందరు.

"అంటే గీ చెరుకేనా?" అక్క బయటికి చూసింది. "ఆయన పానం పెట్టింది దీని నీళ్ళకే గద."

బంగళాలో ముసలి వంటాయన యూసుఫ్ మియా అక్క ఎవరో తెలిసి లేచి నిలబడ్డాడు. "గిందుల గుడ్డు పడ్తదమ్మా. పైగా నా చేతి వంట. నడుస్తదా?"

భర్త పోయిన మనిషి ఇలా తిన్నదని తెలిస్తే అత్తగారింట్లో ఏమంటారో నాకు తెలుసు. అక్కకూ తెలుసు.

"ఆయనకు నడిచింది నాకూ నడుస్తది. పెట్టు చాచా."

పళ్ళెం ముందు పెడుతూ ఆయన అన్నాడు: "సాబ్ ఎప్పుడు తిన్నా సగం పక్కకు పెట్టేటోడు, ఇంటికి తీస్కపోతనని. బండి కుదుపుకు నీళ్ళయితది బిడ్డా. నేనే వద్దంటుంటి."

అక్క ఏడుస్తూనే తిన్నది. పళ్ళెంలో ఏమీ మిగల్చలేదు.

ఇంటికి రాగానే అత్తకు ఉన్నదున్నట్టు చెప్పింది.  కొన్నాళ్ళకు ఆమె బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అడిగిందట: "ఎట్లుండె? వాడు నాకూ చెప్తుండె."

మాట పుట్టుక నేను చెప్పగలిగాను. ఆ ఇంట్లో దాని అర్థం వేరు. ఇద్దరు ఆడవాళ్ళు ఆయన చెప్పిన ఆ మాటను ఏడాదిపాటు ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు.

వెళ్ళేవారికి ఒక మాట: ఆ తీపి వండి చల్లారబెట్టాలి కనుక ముందురోజే కబురు చేయండి. మూటగట్టి తెచ్చుకునేది కాదు. ఎవరికి తినిపించాలనుకుంటే వాళ్ళను వెంట తీసుకుపోండి.