ఆకుల రాయి

అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు మలుపులో, ఇప్పుడు కొండ మీద కొత్తగా వచ్చిన పార్కువాళ్ళు కార్లు ఆపుకోవడానికి చదును చేసిన చోట, ఒక రాయి ఉండేది. నడుమెత్తు ఉండేదంతే. సంతకు బరువుతో ఎక్కేవాళ్ళు పచ్చి కొమ్మ ఒకటి విరిచి దాని మీద వేసేవారు. వేస్తే కాళ్ళ నొప్పి అక్కడే ఉండిపోతుందని నమ్మకం. ఆకుల కింద అసలు రాయి కనబడేదే కాదు.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు. రాతికి మొక్కడమేమిటని నాన్న వెయ్యనిచ్చేవాడు కాదు, ఆ మలుపు రాగానే ప్రార్థన చేసుకోమనేవాడు. పక్కింటి గుంటది నా ఈడే, నా క్లాసే. కొండచీపుళ్ళ మోపు దించకుండానే ఒంటిచేత్తో కొమ్మ విరిచి, రాయి మీద పడేసి, పాట అందుకుని ఎక్కేసేది. నేను ప్రార్థన చేసుకుంటూ, రొప్పుకుంటూ వెనకాల. ఆ గుంట నాకంటే గట్టిదని ఒప్పుకోవడానికి మనసు రాక, అంతా రాయి మహిమేనని కుళ్ళుకునేదాన్ని. దానికో రాయి ఉంది, నాకు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మిషన్ వచ్చి రాయిని లోయలోకి తోసేస్తే ఆ గుంట వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు మాత్రం లోపల హాయిగా ఉంది.

మొన్నామధ్య పార్కువాళ్ళు అక్కడ బోర్డు పెడతామని, రాయి చరిత్ర రాసిమ్మని మా బడికి వచ్చారు. టీచర్ని కదా, నన్నే అడిగారు. పక్కింటి గుంట ఇప్పుడు మనవరాళ్ళున్న మనిషి, ఇల్లు బడి వెనకే. ఆమెను అడగండని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "చిన్నప్పుడు మేము కూడా కొమ్మలు వేసేవాళ్ళం" అని నేనే రాసిచ్చాను. రాస్తుంటే నిజంగా వేసినట్టే అనిపించింది, సిగ్గు కూడా వెయ్యలేదు.

బోర్డు పెట్టారని విని ఆమె నన్ను తోడు రమ్మంది. కళ్ళజోడు మర్చిపోయానని, నన్నే చదవమంది. నా రాతను నేనే చదివాను. ఆ "మేము" దగ్గర గొంతు తగ్గించినా ఆమెకు వినబడనే వినబడింది. ఇక దులిపేస్తుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నకి బయపడి సాటుగా ఏసీదానివేటే? నాతో సెప్తే నీకోసం కూడా ఓ కొమ్మ ఇరిసేదాన్ని కదే."

అన్నేళ్ళు ఆమె వెనకాలే నడిచాను. ఒక్కసారి అడిగి ఉంటే ఇచ్చేది. నేనెప్పుడూ వెయ్యలేదని ఆవేళ కూడా చెప్పలేకపోయాను.