పెనుకొండకు నా గొంతుతో వెళ్ళిన కబురు

చెప్పింది చెప్పినట్టే రాయి పాపా, నడుమ మెత్తగా చెయ్యొద్దు. ఆ మనిషి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకునే ఆలోచన కూడా లేదు.

హిందూపురం బస్టాండు వెనక అతనిదొక చిన్న వార్తల ఆఫీసు. ఒక గది, రెండు కంప్యూటర్లు, జనం ఫోన్లలో చూసే ఒక ఛానల్. సాయంత్రం వార్తలు నేనే చదివేదాన్ని. ఇక్కడి చింతపండు ధరలు, ధర్మవరం మగ్గాలవాళ్ళ గొడవలు, చివర్లో చావు కబుర్లు. ఆడమనిషి పోయిందంటే మాత్రం ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి, పుట్టింటివాళ్ళకు చెప్పారా అని అడిగేదాన్ని. చెప్పలేదంటే ఆ కబురు పక్కన పెట్టేదాన్ని. మన వైపు పుట్టింటికి ఇంటివాళ్ళే చెప్పాలి. వాళ్ళు చీర తెచ్చి కప్పేదాకా శవాన్ని ఎత్తరు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా పాచివార్తలు చదువుతానని నన్ను చూసి నవ్వేవాడు.

ఒకరోజు పిలిచి శాలువా కప్పాడు. ఏఐ వచ్చేసింది, నువ్విక కష్టపడొద్దు అన్నాడు. మర్నాటి సాయంత్రం నేను పప్పు ఎనుపుతుంటే నీ ఫోన్లోంచి నా గొంతే వార్తలు చదివింది. నా పాత రికార్డింగులన్నీ యంత్రానికి వినిపించి నేర్పాడట. నన్ను అడగనేలేదు. నా దగ్గు తప్ప అన్నీ ఉన్నాయి అందులో. కనుక్కుందామని ఫోన్ చేస్తే ఎత్తలేదు.

కొన్నాళ్ళకు ధర్మవరంలో మగ్గాలవాళ్ళ కోడలొకామె ఆసుపత్రిలో పోయింది. ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు, యంత్రం అందుకుని చదివేసింది. పెనుకొండలో ఆమె తల్లి చెనిక్కాయలు ఒలుస్తూ, రోజూలాగే వార్తలు పెట్టుకుని కూర్చుంది. కన్నబిడ్డ పోయిందని నా గొంతులో విన్నది. అల్లుడింటి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు.

కూతురి కర్మలయ్యాక ఆ తల్లి కొడుకులిద్దరూ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పెద్దవాడు గడప దాటలేదు.

"ఏమ్మా, మా యమ్మ దినామూ నీ వార్తలే వింటాండె. మాకొక మాట చెప్పకుండా ఎట్ల చదివితివి?"

నేను కాదంటే నమ్మలేదు. నా గొంతే నాది కాదని ఎలా చూపించను? చెప్పులేసుకుని, నాతో రమ్మన్నాను.

వాళ్ళను చూడగానే అతని ముఖం పాలిపోయింది. తప్పు యంత్రానిదన్నాడు. ఇప్పుడే క్షమాపణ వేస్తానని కంప్యూటర్ వైపు తిరిగాడు.

"అక్కా, నీ గొంతుతోనే పెడతా. జనం నమ్ముతారు."

అప్పుడు అర్థమైంది అన్నదమ్ములకు. చిన్నవాడు కంప్యూటర్ ఎత్తి నేలకేసి కొట్టబోతే నేనే ఆపాను. పగిలితే ఇంకొకటి తెచ్చుకుంటాడు. అతనికి తగలాల్సిన దెబ్బ అది కాదు.

"నీకూ నోరుండాది కదప్పా," అన్నాను. "పెనుకొండకు పోయి ఆ యమ్మ ముందర నిలబడి చెప్పు."

ఆ రోజే అందరం పెనుకొండకు పోయాం. చెప్పాడు, తడబడుతూ. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. అంతా విన్నాక కూడా, నేను పలకరించగానే ఆ తల్లి చెవులు మూసుకుంది.

తిరిగి బస్సెక్కడానికి వస్తుంటే, మళ్ళీ వచ్చి వార్తలు చదవమని నన్ను బతిమాలాడు. ఒక్క ముక్కే చదువుతానన్నాను, అది రోజూ వార్తల ముందు వెయ్యాలన్నాను. వెయ్యకపోతే పోలీసుల దగ్గరికి వెళ్తామని, మాతో బస్సుదాకా వచ్చిన అన్నదమ్ములు చెప్పారు. అందుకే యంత్రం గొంతు తీసేసి ఇప్పుడు అతనే చదువుకుంటున్నాడు. రోజూ అతని వార్తల ముందు నా మాట వస్తుంది: "నేను మానేశాక మీరు విన్న గొంతు నాది కాదు. ఈయప్ప నన్ను అడగకుండా చేయించుకున్నాడు."

ఇక చాలించమని నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. పెనుకొండలో ఆ తల్లి నేను పిలిస్తే పలికిన రోజు తీసెయ్యమన్నాను.

మొన్న కూడా వెళ్ళొచ్చాను. గోడ వైపు తిరిగి పడుకుంది.