కంకర మలుపులో ఎస్తేరు వదిన

నిన్న ఉదయం కర్నూల్లో ఆఫీసుకు బయల్దేరుతుంటే ఎర్రగుంట్ల నుంచి ఫోన్. మా ప్రభాకరన్న వాళ్ల పక్కింటాయన.

"మీ వదిన పడిపోయిందప్పా. జల్దీ రా."

"బండి మీద నుంచా?" అన్నాను.

కాదట. స్కూల్ గ్రౌండులో పిల్లలతో డ్రిల్లు చేయిస్తూ, ఆయాసంగా ఉందని మెట్ల మీద కూర్చుందట. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయిందట. గుండె అన్నారు.

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు బూట్ల లేసులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

బండి మీద నుంచి మా వదిన ఎప్పుడూ పడలేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. ఎస్తేరు వదిన మిషన్ స్కూల్లో ఆటల టీచర్. మా అన్నది సిమెంట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం.

అన్నకు బండ్ల పిచ్చి. తారు రోడ్డు మీదా, రాళ్ల దారిలోనూ పోయే ఎత్తు బండి, డ్యూయల్ స్పోర్ట్ అంటారే, అది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒక ఆదివారం నాపరాళ్ల గనుల వెనక కంకర దారిలో, ఒక మలుపు దగ్గర జారి పడ్డాడు.

తొడ ఎముక విరిగింది. ప్లేట్లు వేశారు. బండి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వంగిపోయాయి.

కాలు అతుక్కుంది. మనిషి మాత్రం లేవలేదు.

చేతికర్రతో నడవగలిగాక కూడా గడప దాటలేదు. డ్యూటీకి పోనన్నాడు. ఆటో ఎక్కమంటే చెమటలు పట్టేవి. నాకు తోలడం చేతకాదు, చేతకాని పని చేసి పడ్డాను అని అదే మాట. బండిని పాత ఇనుముకు ఇచ్చేయమన్నాడు.

వదిన ఇవ్వలేదు.

ఎవరికీ చెప్పకుండా ట్రాలీ ఆటోలో వేయించి మస్తాన్ షెడ్డుకు చేర్చింది. మస్తాన్ మా ఊరి మెకానిక్. స్కూల్ వదిలాక రోజూ అక్కడే ఉండేదట. పెళ్లికి ముందు వాళ్ల నాయన బుల్లెట్టును తనే నడిపిన మనిషి, భయం లేదు.

బండి తయారయ్యాక మస్తాన్ బైపాస్ మీద ఒక రౌండ్ వేసి రమ్మన్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"తారు మీద ఎవురైనా నిలబడతారు మస్తానూ. ఇది పడింది కంకరలో. ఆడనే చూడాల" అంది వదిన.

అని ఊరుకోలేదు. అన్నను తీసుకురమ్మని నన్ను ఇంటికి పంపింది.

ఎలా ఒప్పించానో నాకే తెలీదు. కారు మాట్లాడుకుని తెచ్చాను. దారి పొడవునా అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు.

అదే మలుపు. మస్తాన్ ముందే వచ్చి ఉన్నాడు. తెల్లటి దుమ్ము, చెట్టన్నది లేదు, రెండు పక్కలా పగిలిన నాపరాళ్ల గుట్టలు.

వదిన ట్రాక్ ప్యాంటు, హెల్మెట్ వేసుకుని దూరం నుంచి వచ్చింది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి.

మలుపులో వెనక చక్రం పక్కకు జారింది.

అన్న నా చేయి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

వదిన బ్రేకు ముట్టుకోలేదు. హ్యాండిల్‌ను బిగించి పట్టలేదు. బండి గిజగిజలాడి, తనంతట తనే నిటారుగా అయింది. దుమ్ములో కలిసిపోయింది. శబ్దం మాత్రం వినిపిస్తోంది.

ఇన్నేళ్లుగా నాకు అన్నం పెట్టిన మనిషి ఈమేనా అనిపించింది.

తిరిగొచ్చి దిగి, "ఎడం పక్కకు గుంజుతాంది" అంది మస్తాన్‌తో. అతను ముందు చక్రం లూజు చేసి, సరిచేసి, మళ్లీ బిగించాడు.

మళ్లీ పోయింది. ఈసారి ఇంకా స్పీడుగా. అదే మలుపులో మళ్లీ జారింది. మళ్లీ నిలబెట్టుకుంది.

అప్పుడొచ్చి అన్న ముందు ఆపింది. ఇంజన్ ఆర్పలేదు.

"ఏమప్పా, నేనూ జారితి, చూస్తివి గదా. ఈడ కంకర వదులుగా ఉండాది. ఎవురైనా జారతారు. నీకు తోలేకి రాక కాదు. ఎక్కు."

అన్న బండి వైపు చూశాడు. తర్వాత చేతికర్ర నాకిచ్చాడు.

నేనూ మస్తానూ పట్టుకుని వెనక కూర్చోబెట్టాం. రెండు చేతులూ ఆమె భుజాల మీద వేశాడు. మెల్లగా పోయారు. మలుపు దాటారు. కనబడకుండా పోయారు.

మస్తాన్ పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. దుమ్మని అన్నాడు.

ఆ తర్వాతి వారం అన్న డ్యూటీలో చేరాడు.

కాలు సరిగా వంగక ఆ బండి మళ్లీ తోలలేదు. చర్చికైనా, పెళ్లికైనా వదిన తోలేది, అన్న వెనక కూర్చునేవాడు. మొదట్లో నవ్విన వాళ్లు ఉన్నారు. కొన్నాళ్లకు వాళ్లే, బండి రిపేరు చేయించాక ఒక రౌండ్ వేసి చెప్పమ్మా అని తెచ్చేవాళ్లు.

ఒకసారి వదిన వాళ్లమ్మను చూడ్డానికి రాజంపేటకు ఆ బండి మీదే పోయారు. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. దారి గురించి చెప్పలేదు, బండి గురించి చెప్పలేదు.

"మీ అన్న నిద్రపోయినాడబ్బీ. వెనక కూచోని, నా భుజం మీద తల పెట్టి. లేపుదామంటే మనసు రాలేదు. నీడలో ఆపి, కాళ్లు ఆనించి అట్లనే ఉంటి."

ఆమె గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు.

ఈరోజు మధ్యాహ్నం వదినను చర్చి వెనక సమాధుల తోటలో పెట్టి వచ్చాం. యూనిఫాంలో పిల్లలు ఎండలో నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే వరసలో.

నిన్నటి నుంచి అన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, ఎవరూ ఏమీ అడక్కుండానే, గోడ వైపు చూస్తూ ఒక మాటన్నాడు.

"నా కంటే తనే బాగా తోల్తాండె."

ఆమె బతికుండగా ఆ మాట అనలేదనుకుంటాను. ఆమెకు తెలియని మాట మాత్రం కాదు.

పోయిరా వదినా. అన్నను మేం చూసుకుంటాం. ప్రభువు దగ్గర నువ్వు నెమ్మదిగా ఉండు.