గుర్రాలు కనిపించని అశ్వికదళం

తొంభైల చివర్లో నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఆ ఏడాది రాజమండ్రిలో జరిగే నాటక పోటీల కోసం మా ఇంగ్లీషు లెక్చరరు గారు ఒక నాటిక రాశారు. కేబుల్ టీవీలో వచ్చే కౌబాయ్ సినిమాలంటే ఆయనకి ప్రాణం. నాటికా అలాంటిదే. అమెరికా సరిహద్దులో ఒక కోట, దాన్ని కాపాడ్డానికి బాకా ఊదుకుంటూ, కత్తులు దూసి వచ్చే అశ్వికదళం.

గుర్రాలకి బదులు ముమ్మిడివరం నుంచి జాతరల్లో ఆడే కీలుగుర్రాలు తెప్పించారు. రిహార్సల్లో సిపాయిలు వాటిని నడుముకి కట్టుకుని రాగానే హాలంతా నవ్వులు. గుండె బరువెక్కాల్సిన చోట ఒక గుర్రం తోక ఊడిపడింది. ఆయన కుర్చీలో కూలబడి, ఇక మానేద్దామన్నారు.

ఆ సినిమాలతో నాకు పాత తగువుంది. అసలు సిపాయిలు చాలాసార్లు కత్తులు కోటలోనే వదిలి వెళ్ళేవారనీ, వాళ్ళలో ఎందరో పొట్ట చేతబట్టుకుని ఐరోపా నుంచి వచ్చినవాళ్ళనీ, తెల్లవారుజామున వాళ్ళు మీదపడ్డ అక్కడి ఆదివాసుల గుడారాల్లో పిల్లలూ ఆడవాళ్ళూ ఉండేవారనీ స్టాఫ్ రూములో ఎవరికీ పట్టకపోయినా చెబుతుండేదాన్ని. ఆరోజు అందరూ విన్నారు.

"గుర్రాలు అక్కర్లేదండి. వాళ్ళు ఎక్కువగా దిగే పోరాడేవారు. నలుగురిలో ఒకడు మిగతావాళ్ళ గుర్రాల్ని కూడా వెనక పట్టుకుని ఉండేవాడు," అన్నాను.

"నిజంగానేనాండీ?"

"ఆయ్. దౌడు తీయించింది సినిమావాళ్ళేనండి."

ఆయన లేచి కూర్చున్నారు. నాటికలోంచి కత్తులూ కీలుగుర్రాలూ పోయాయి. ఒక విద్యార్థి కొబ్బరితాళ్ళు గుప్పిట బిగించి స్టేజీ అంచున నిలబడ్డాడు. వాటి రెండో కొసల్ని తెర వెనక ఇద్దరు లాగుతుంటే, అతను బెదిరిన గుర్రాల్ని ఆపలేక తూలుతున్నట్టే ఉంది. గుడారాల మీద పడే ఘట్టాన్ని ఆయనే కొత్తగా రాశారు.

పోటీలో ఆ తాళ్ళు బిగుసుకున్నప్పుడు ముందు వరసవాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. నాటిక అయ్యాక ఒక న్యాయనిర్ణేత, గుర్రాలు లేని అశ్వికదళమేమిటని అడిగారు. తాళ్ళు పట్టుకున్న కుర్రాడే తడుముకోకుండా జవాబిచ్చాడు. ఆయన తలూపి రాసుకున్నారు.

మొదటి బహుమతి మాదే. షీల్డు అందుకోడానికి వెళ్తూ ఇంగ్లీషు లెక్చరరు గారు నన్ను కూడా స్టేజీ మీదకి పిలిచి, "ఈ దళం మేడమ్ గారిదండీ" అని మైకులో చెప్పారు.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం వంతెన మీద పిల్లలు గొంతులు పోయేలా అరిచారు. డ్రైవరు హారన్ కలిపాడు. వెనక సీట్లోంచి నేనూ అరిచాను, క్లాసులో ఆఖరి బెంచీ దాకా వినిపించే గొంతుతో.